పానగల్ దారిలో రాతి గుంత: కరెంటు లేనప్పుడు కదిలే బెల్టు

పాలమూరు వైపు వెళ్లేవాళ్లకు మంచి కారణాలే ఉంటాయి. ఒకరికి అలంపురంలో మొక్కు, ఇంకొకరికి కొల్లాపూర్ మామిడిపళ్లు, పెళ్లి ఉన్నవాళ్లకు గద్వాల చీరలు. నన్ను అటు లాక్కెళ్లింది మాత్రం ఒక ఇన్‌లాండ్ లెటర్. తొంభైల మొదట్లో హైదరాబాదులో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. రాళ్లు, బొగ్గు మోసే పెద్ద రబ్బరు బెల్టులు బిగించడం, వాటి మోటార్లకు స్టార్టర్లు పెట్టడం, బెల్టుల కొసలు కలిపి అతికించడం మా పని. వనపర్తి అవతల ఒక రాతి క్వారీ నుంచి వచ్చిన ఆ ఉత్తరంలో మేనేజరు ఇలా రాశాడు: మీరు అతికించిన కింది బెల్టు కరెంటు లేనప్పుడు దానంతట అదే కదులుతోంది, కూలీలు గుంతలోకి దిగడానికి జంకుతున్నారు, వారంలోగా మనిషిని పంపకపోతే బెల్టు పీకేసి మళ్లీ లారీలు పెట్టుకుంటాం. చదవగానే నాకు ఒళ్లు మండింది. అతుకు సరిగ్గా లేకపోతే బెల్టు తెగుతుంది, అంతేగాని లేచి నడుస్తుందా? ఆ మాటే మా ఓనరుతో అంటే, నువ్వే వెళ్లి ఆ ముక్క వాళ్లకు చెప్పిరా అన్నాడు.

పొద్దున అయిదున్నరకు గౌలిగూడలో కర్నూలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వనపర్తికి నేరుగా వెళ్లే బస్సుకోసం కూర్చుంటే ఎనిమిదవుతుంది, అందుకని కొత్తకోట దాకా టికెట్ తీసుకున్నాను. పాతిక రూపాయల లోపే అయినట్టు గుర్తు. షాద్‌నగర్ దాటేదాకా నిద్ర, జడ్చర్లలో టీ, తొమ్మిది గంటలకల్లా కొత్తకోట. రోడ్డు పక్క హోటల్లో ఉగ్గాని, మిర్చిబజ్జి తిన్నాను. ఆ దారిన వెళ్తే మీరూ తినండి, బజ్జి కోసమైనా అక్కడ దిగొచ్చు. అక్కణ్ణుంచి వనపర్తికి ఇంకో బస్సు, ముప్పావుగంట ప్రయాణం. ఎండాకాలం అప్పుడప్పుడే మొదలవుతోంది, కానీ కిటికీ కమ్మీ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది.

వనపర్తి బస్టాండు బయట క్వారీ జీపు నిలబడి ఉంది. డ్రైవరు పేరు ఖాజా. యాభై ఏళ్ల మనిషి, మాట నెమ్మది. అంతకుముందు గుంతలో టిప్పరు నడిపేవాడట. ఆ క్వారీలో ఎనిమిది లారీలు ఉండేవి. అడుగు నుంచి పైకి చుట్టూ తిరిగే దారిలో మొదటి గేరులో మూలుగుతూ ఎక్కేవి, పొగంతా గుంతలోనే నిలిచిపోయేది. లారీ రాయిని ఒక్కదాన్నే మోయదు, తన ఇనుమంతా తనే మోసుకుంటూ ఎక్కుతుంది, మళ్లీ ఖాళీగా దిగడానికీ డీజిలే తాగుతుంది. అందుకే ఓనరు క్రషర్‌ను గుంత అడుగునే పెట్టించి, పగిలిన కంకరను రెండు బెల్టుల మీద పైకి తెప్పించాడు. బెల్టు మోసేది రాయినే. డీజిలు ఖర్చు సగానికి సగం తగ్గిందని ఆయనే మాకు చెప్పి మురిసిపోయాడు. ఈ లెక్కంతా నేను ఖాజాకు ఉత్సాహంగా చెబుతుంటే ఆయన గేరు మారుస్తూ విన్నాడు.

"అవ్ సాబ్, డీజిల్ బచాయించిన్రు. డ్రైవర్లు ఏడుగురు ఇంటికి పోయిన్రు. నాకు జీపు ఇచ్చిన్రు, అల్లా దయ," అన్నాడు. మలుపు తిప్పుతూ, "గుంత మాత్రం గమ్మున అయిపోయింది సాబ్. లారీలున్నప్పుడు లొల్లి లొల్లి ఉంటుండె. ఇప్పుడు గా సప్పుడు లేకపోయేసరికి మనసుకు ఎట్లనో అయితది," అన్నాడు.

"బెల్టు దానంతటదే కదలడం నువ్వు చూశావా?"

"చూసిన. ఇంక నేను కిందికి దిగ సాబ్. కిందోళ్లకు తాగే నీళ్లు సుత పైననే దించి పోత."

పానగల్ కోట గుట్టను ఎడమచేతికి వదిలి, కొల్లాపూర్ రోడ్డు మీద కొంత దూరం పోయి మట్టిదారి పట్టాం. క్వారీ చేరేసరికి పదకొండు దాటింది. జీపు దిగగానే ఖాజా చెప్పింది నాకు అర్థమైంది. పక్కనే పాతిక నిలువుల గుంత, అందులో బెల్టు నడుస్తోంది, అయినా చెవులకు దూది పెట్టినట్టుంది. అడుగు నుంచి సన్నగా క్రషరు గుర్రు, రోలర్ల కిచకిచ, కంకర కుప్పమీద పడే చప్పుడు, అంతే. మనుషుల గొంతులు లేవు. కుప్ప దగ్గరికి వెళ్లి చూస్తే కంకర మధ్యలో మోదుగాకులు కనిపించాయి. ఒకటి కాదు, పది పదిహేను. కొన్ని ఎండి ముడుచుకుపోయాయి, కొన్ని పచ్చివే. ఒక దాంట్లో జొన్నరొట్టె ముక్క, ఉల్లిగడ్డ, మీద ఎర్రటి తొక్కు. గుంత అడుగు నుంచి రాళ్లతోపాటు ఎవరికో వడ్డించిన తిండి పైకి వస్తోంది. కుక్క కూడా ముట్టుకున్నట్టు లేదు.

"ఏమిటయ్యా ఈ ఆకులు?" అన్నాను, రేకుల గదిలోంచి వస్తున్న మనిషితో. ఆయన కుర్మయ్య, పైన స్విచ్చులన్నీ చూసుకునేవాడు. ఆ చుట్టుపక్కలే రెండెకరాల మెట్ట, ఒక బోరు ఉన్న రైతు.

"అడగకు సారు. కింద పెడ్తరు, పైకొస్తయి. మేము తియ్యం," అన్నాడు కుర్మయ్య, కుప్పవైపు చూడకుండా.

నేను అడుగుతూనే పోయేసరికి కొద్దికొద్దిగా చెప్పాడు. ఆయన తమ్ముడు బాలయ్య కింది బెల్టు నడిపేవాడు. ఏడాది కిందట, మధ్యాహ్నం కరెంటు కోతలో, అడుగున బెల్టు మళ్లే ఇనప డ్రమ్ము కింద ఇరుక్కున్న రాళ్లు తీయడానికి దూరాడు. ఉన్నట్టుండి బెల్టు కదిలింది. బాలయ్య బతకలేదు. అప్పటి నుంచి కరెంటు పోయిన వేళల్లో ఆ ఒక్క బెల్టు ఒక్కోరోజు కదులుతుంది, ఒక్కోరోజు కదలదు. క్రషరూ, పై బెల్టూ మాత్రం బుద్ధిగా పడి ఉంటాయి. ఇప్పుడు ఆ డ్రమ్ము కింద దూరేది ఒక్కతే మనిషి, బాలయ్య భార్య సవారమ్మ. నా మొగడు నన్నేం చేస్తడు అని ఆమె ధైర్యం. ఆకులు పెట్టేదీ ఆమే.

నాకు జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. జాలి చూపించడం రాక కోపమే చూపించాను. "కరెంటు లేకుండా మోటారు తిరగదు. కరెంటు పోయి మళ్లీ వచ్చినా, ఎవరైనా బటన్ నొక్కితేగాని తిరగదు. అలా ఏర్పాటు చేసిందే మేము. ఎవడో ఆకతాయి నొక్కుతున్నాడు, మీరు పూజలు చేస్తున్నారు," అన్నాను. కుర్మయ్య ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. పన్నెండింటికి ఠంచనుగా కరెంటు పోయింది, మళ్లీ రెండింటికి వస్తుందన్నారు. కిందికి దిగి అతుకు చూడటానికి అదే మంచి సమయం అనుకున్నాను.

"కింది బెల్టుకు కరెంటు బందు చేసే హ్యాండిల్ గుంజమంటవా సారు?" అన్నాడు కుర్మయ్య.

"ఎందుకయ్యా? చెప్పాను కదా, బటన్ నొక్కకుండా తిరగదని. నువ్వు ఇక్కడే ఉండి ఎవణ్ణీ దేన్నీ ముట్టుకోనీకు."

ఆ మాట ఎంత ధీమాగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బెల్టు పక్కనే రాతిలో చెక్కిన మెట్లున్నాయి. సగం దిగాక ఒక చప్టా, అక్కడ కింది బెల్టు స్టార్టరు పెట్టె. దాని తలుపుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చుట్టూ దారం చుట్టారు. బయట రెండు బటన్లు, పచ్చది, ఎర్రది. వాటికీ బొట్లున్నాయి. ఇంకా దిగుతుంటే గాలి పూర్తిగా ఆగిపోయింది. నా చెప్పుల చప్పుడు ఎదుటి రాతిగోడకు తగిలి తిరిగి వస్తుంటే, వెనకాల ఇంకెవరో దిగుతున్నారేమోనని రెండుసార్లు తిరిగి చూశాను. ఎవరూ లేరని తెలిసీ మూడోసారీ చూశాను.

అడుగున, డ్రమ్ము పక్కన పడ్డ చిన్న నీడలో సవారమ్మ కూర్చుని ఉంది. ముప్పై దాటి ఉండవు. తలకు గుడ్డ చుట్టుకుంది, మొహమంతా తెల్లటి రాతిపొడి, కళ్లు మాత్రమే నల్లగా కనిపిస్తున్నాయి. మిగతా కూలీలంతా భోజనానికి పైకి వెళ్లిపోయారట. ఆమె మటుకు ఎప్పుడూ కిందే తింటుందట.

"హైద్రాబాదు సారు నువ్వేనా? బువ్వ తిన్నవా?" అంది.

"పనయ్యాక తింటానమ్మా. ఈ డ్రమ్ము కింద రాళ్లన్నీ తీసెయ్, అతుకు కనిపించాలి. కరెంటు లేదు, భయపడకు."

"నాకెందుకు భయం? జర ఆగు సారు, ఆయనకు పెట్టి దూరుత."

మూట విప్పి మోదుగాకు తీసింది. రొట్టె తుంచి, ఉల్లిగడ్డ, తొక్కు పెట్టి, ఆగి ఉన్న బెల్టు మీద మెల్లగా ఉంచింది. కొంగు తలమీదికి లాక్కుని గొంతుకూర్చుంది. నేను గడియారం చూసుకున్నాను. పన్నెండూ యాభై. నాలుగున్నరకు వనపర్తిలో నా బస్సు.

"తినేది ఎంతసేపమ్మా? దూరు, నేను చెబుతున్నాను కదా."

"తినేటోన్ని తొందర పెట్టొద్దు సారు." బెల్టువైపు మొహం తిప్పి, పొలం నుంచి వచ్చిన మనిషిని అడిగినట్టే అడిగింది. "ఏమయ్యో, తింటివా? ఇంగ రావొచ్చునా నేను?"

నేను నవ్వాను. పైకే నవ్వాను. ఆ నవ్వు ఎదుటి గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చి నాకే వినిపించింది. అది ఆగేలోపు పైన ఎక్కడో ఒక రోలరు కిచ్చుమంది. తర్వాత ఇంకొకటి. బెల్టు ఒక్క జర్కు ఇచ్చి కదిలింది. క్రషరు నిశ్శబ్దంగా ఉంది, పై బెల్టు నిశ్శబ్దంగా ఉంది, ఇదొక్కటే నడుస్తోంది. మోదుగాకు మా కళ్లముందే వణుక్కుంటూ మెల్లగా పైకి వెళ్లిపోయింది. నేను దూరమన్న చోట, ఆమె చేతులు ఉండాల్సిన చోట, డ్రమ్ము కంకరను నమిలి పిండి చేస్తోంది.

సవారమ్మ లేవనైనా లేవలేదు. "చూసినవా సారు, వచ్చిండు," అంది. ఆ గొంతులో భయం లేకపోగా సంబరం ఉంది. దానికే నా ఒళ్లు ఎక్కువ జలదరించింది.

"కుర్మయ్యా! ఎవడు నొక్కాడురా?" అని గొంతు చించుకున్నాను. పైన అంచు మీద కుర్మయ్య కనిపించాడు, రెండు చేతులూ పైకెత్తి. "నేను గాదు సారూ! ఎవ్వలు ముట్టలే!" హ్యాండిల్ గుంజమని అరిచాను. గుంజాడు. బెల్టు ఆగిపోయింది.

అది ఆగాక నా బుర్ర కొద్దిగా పనిచేసింది. దయ్యమైతే హ్యాండిల్‌కు ఆగదు కదా. మెట్లు పట్టుకుని చప్టా దాకా ఎక్కాను. కుర్మయ్యను ఫ్యూజులు కూడా పీక్కుని రమ్మని, అవి తీసుకుని నా ప్యాంటు జేబులో వేసుకున్నాను. పెట్టె చుట్టూ దారం తెంపబోతే కుర్మయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సారు. వాడు పోయినంక గిది ఎవ్వలం తెరువలే. నీకు దండం పెడ్త."

"ఇందాక నీ మరదలి ప్రాణం పోయేది. నా మాట వినుంటే పోయేది. వదులు," అన్నాను. వదిలాడు.

తలుపు తీశాను. దెయ్యమూ లేదు, పామూ లేదు. పచ్చ బటన్ వెనక రెండు స్క్రూలను కలుపుతూ జానెడు రాగి తీగ ఉంది. దానిమీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, కొసలు రెండు మెలికలు వేసి ఉన్నాయి. ఆ తీగ ఉన్నంతకాలం, కనపడని వేలు ఒకటి పచ్చ బటన్‌ను ఎప్పుడూ నొక్కి పట్టుకున్నట్టే. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు, రెండింటికి రావాల్సింది ఒంటిగంటకే వచ్చినా సరే, బెల్టు నడుస్తుంది. మిగతా యంత్రాలు బటన్ కోసం ఆగుతాయి గనక కరెంటు వచ్చిన సంగతి ఎవరికీ తెలియదు. హ్యాండిల్ గుంజిన రోజు కదలదు, మరిచిన రోజు కదులుతుంది.

"అందుకేనా సారు, ఎర్ర బటన్ నొక్కితే ఆగి, చెయ్యి తీస్తే మల్ల నడుస్తుండె? మేము హ్యాండిల్‌తోనే ఆపుతున్నం," అన్నాడు కుర్మయ్య.

"ఆ ముక్క పొద్దున్నే చెప్పొద్దూ?"

"చెప్పనిస్తివా సారు నువ్వు?"

తీగ విప్పి ఆయన చేతిలో పెట్టి, ఎవరు కట్టారిది అని అడిగాను. కుర్మయ్య ట్యూబు ముక్కను వేలితో తడిమాడు. మెలికలు చూశాడు. అలాగే చప్టా మీద కూలబడ్డాడు.

"మా బోరుకాడ గిట్లనే ఉంటది సారు. కరెంటు ఎప్పుడొస్తదో తెల్వదు గదా, అర్ధరాత్రి లేచి బాయికాడికి పోకుండ అదే షురువయ్యేటట్టు కట్టుకుంటం. మా బోరుకు కట్టింది నా తమ్ముడే. గీ రెండు మెలికలు వానియే." కిందికి దిగే మెట్లవైపు చెయ్యి చూపించాడు. "మాటిమాటికి అడుగు నుంచి గీడిదాక మెట్లెక్కి బటన్ నొక్కాలంటే మోకాళ్లు పోతున్నయి అంటుండె. కరెంటు రెండింటికి గదా అని దూరిండు. వాని తీగకు వాడే పోయిండు సారు."

అన్ని మెట్లు ఎక్కాల్సొస్తుందని ఆ పెట్టెను అక్కడ పెట్టినప్పుడు మాలో ఎవరికైనా తోచిందా అంటే, తోచలేదు. మేం లెక్కలన్నీ రాయికీ డీజిలుకీ వేశాం.

వెనక్కి తిరిగేసరికి సవారమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు ఎక్కి వచ్చిందో, అంతా విన్నట్టే ఉంది. చెయ్యి చాపి బావ దగ్గర తీగ తీసుకుంది.

"గిది ఆయన కట్టిందేనా బావా?"

"అవ్ సవారమ్మా."

"అంటే ఇన్నొద్దులు బెల్టు నడిపింది ఆయనే గదా. నేను అంటనే ఉంటి, మీరే నమ్మలే." మాట స్థిరంగానే ఉంది. తర్వాత నావైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వు తీసేస్తివి. ఇంగ రాడా సారు?"

నేను అటూ ఇటూ చూశాను. రాడమ్మా, అన్నాను. ఆమె తీగను కొంగున ముడేసుకుని మెట్లు దిగింది. నేనూ వెనకే దిగాను. అతుకు చూడటం ఇంకా మిగిలే ఉంది, రాళ్లు తీయాల్సింది ఆమే. ఫ్యూజులు నా జేబులో ఉన్నాయి, హ్యాండిల్ దగ్గరికి కుర్మయ్య మళ్లీ వెళ్లి నిలబడ్డాడు. ఆ ఏడాదిలో ఆ డ్రమ్ము కింద ఏ ప్రమాదమూ లేదని ముందే తెలిసిన రోజు అదొక్కటే. సవారమ్మ ఆకు పెట్టలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. వంగి ఒక చెయ్యి లోపల పెట్టి, వెంటనే వెనక్కి తీసుకుంది.

"సారు, జర గీడనే కూసో. పోకు," అంది. "ఇప్పుడు భయమైతుంది. లోపల ఎవ్వలు లేరు గదా."

కూర్చున్నాను. జేబులోంచి ఫ్యూజులు తీసి ఆమెకు కనపడేలా పిడికిట్లో పట్టుకుని, ఆమె రాళ్లన్నీ తీసి బయటికి వచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. నాలుగున్నర బస్సు పోయింది. అతుకు మాత్రం నేను చెప్పినట్టే చెక్కుచెదరలేదు.

రాత్రికి హైదరాబాదు చేరి, మర్నాడు రిపోర్టులో మూడు ముక్కలు రాశాను. అతుకు బాగుంది, వైరింగులో లోపం సరిచేశాం, స్టార్టరు పెట్టెను కిందికి మార్చాలి. లారీలు మళ్లీ రాలేదు, బెల్టు చాలా ఏళ్లు నడిచింది. డీజిలు మిగలడం మంచిదే, ఆ పొగ పీల్చినవాళ్లెవరూ కాదనరు. కానీ ఆ గుంతలో భయపడని మనిషి ఒక్కతే ఉండేది, ఆమెకు భయం నేర్పి వచ్చింది నేను. ప్రాణం నిలవాలంటే ఆ భయం ఉండాలి, నాకు తెలుసు. తెలిసినా, ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నకు ఇంతకంటే మెత్తగా సమాధానం చెప్పి ఉండొచ్చని ఇన్నేళ్ల తర్వాత కూడా అనిపిస్తుంది. కుర్మయ్యను మాట్లాడనిచ్చి ఉంటే సగం కథ పొద్దున్నే తేలిపోయేది.

వనపర్తి, నాగర్‌కర్నూలు దారుల్లో ఇప్పటికీ క్వారీలు కనిపిస్తాయి. పనిమీదో, చూడాలన్న ముచ్చటతోనో వెళ్తే, ఆగి ఉన్న బెల్టు దగ్గరికి పోయేముందు హ్యాండిల్ గుంజించి, ఫ్యూజులు పీకించి మీ జేబులో వేసుకోండి. కరెంటు లేదుగా అని ఎవరు చెప్పినా వినకండి, హైదరాబాదు నుంచి వచ్చిన సారు చెప్పినా సరే.